రెండో చాటింపు

జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండు. ఒకటి మల్లాపూర్ మండలంలో, నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఇంకొకటి మల్యాల మండలంలో, కొండగట్టు అంజన్న గుట్ట ఉన్న ఊరు. మొదటి ముత్యంపేట పేరు పదేళ్లుగా పత్రికల్లో దాదాపు ఒకే కారణంతో కనిపిస్తోంది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఆ ఫ్యాక్టరీని 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. అప్పటి నుంచి చెరుకు రైతులూ కార్మికులూ దాన్ని తెరవాలని ధర్నాలు చేశారు, పాదయాత్రలు చేశారు, వినతిపత్రాలు ఇచ్చారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024లో కొత్త ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. ఈలోగా చెరుకు వేసినవాళ్లు దూరపు ఫ్యాక్టరీలకు తోలుకోవాల్సి వచ్చింది. ఇక రెండో ముత్యంపేట సంగతి. అదే మల్యాల మండలంలో లంబాడిపల్లి ఉంది. 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానెల్ పుట్టింది అక్కడే. పొలం పనులు చేసుకునే గంగవ్వ ఆ ఊరి యాసలోనే మాట్లాడి తెలుగు ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. పల్లె జనానికి గొంతు లేదు, సాధనం లేదు, ఆ రెండూ ఇస్తే పాలనలో పాల్గొంటారు అని తరచూ అంటుంటాం. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలబడదు. ఒక ఊరు పదేళ్లు గొంతెత్తింది. ఇంకో ఊరు చేతిలో ఫోనుతోనే లక్షల మందిని చేరింది. గొంతుకు కొదవ లేదు, సాధనానికీ లేదు. లేనిదల్లా అడిగిన మాటకు బదులు.

ఊళ్లో గ్రామసభ ఉందంటే ముందురోజు చాటింపు వేస్తారు. ఒకప్పుడు డప్పుతో వేసేవాళ్లు, ఇప్పుడు పంచాయతీ ట్రాక్టరుకు కట్టిన మైకుతో వేస్తున్నారు, ఆపైన వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెడుతున్నారు. ఇది మొదటి చాటింపు. సభలో జనం మోరీలు తీయించమని, వీధి దీపాలు వేయించమని, పింఛను రాలేదని, బోరు పాడైందని చెప్పుకుంటారు. కార్యదర్శి రాసుకుంటాడు. ఆ తర్వాత ఏమైంది? ఏ పని ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు కాదన్నారు, ఒప్పుకున్నది ఏ తారీఖుకు అవుతుంది అని ఊరంతా వినేలా చెప్పే చాటింపు మన పాలనలో దాదాపు లేదు. పాత మాధ్యమాలూ కొత్త మాధ్యమాలూ కలిసి స్థానిక పాలనలో జనం పాత్రను ఎంతవరకు పెంచాయని ఈ దాదాపు యాభై ఏళ్ల అనుభవాన్ని వెతికితే ఒక్కటే తేలుతుంది. ఈ రెండో చాటింపు ఏ కొద్దిగా ఉన్నా జనం నిలిచారు, లేనిచోట ఎంత గొప్ప సాధనమైనా రెండు మూడు సభలతోనే పలచబడింది.

ముందు డప్పు గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ వాదన సగం అబద్ధమవుతుంది. ‘సాంప్రదాయిక మాధ్యమం’ అని మనం మురిపెంగా పిలిచే డప్పు చాటింపు శతాబ్దాల పాటు మాదిగల మీద మోపిన వెట్టి. చాటింపు వేసినవాడికి తాను చాటిన సభలో కూర్చునే హక్కు లేదు. దొర కబురు ఊరికి పోయేది, ఊరి కబురు దొరకు పోయే దారి మాత్రం ఉండేది కాదు. ఆ ఒంటిదారికి మొదటి పెద్ద దెబ్బ తగిలింది ఈ ప్రాంతంలోనే. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు ఊరూరా నుంచి వేలమంది నడిచి వచ్చారు. పాటలు, గోడరాతలు, ఊరి కూడళ్లలో మీటింగులు తప్ప వాళ్లకు వేరే ప్రచార సాధనం లేదు. వెట్టి వద్దన్నారు, గుంజుకున్న భూములు, దండుగలుగా కట్టించుకున్న డబ్బు తిరిగివ్వమన్నారు, వినని దొరలకు సాంఘిక బహిష్కారం వేశారు. ఆ యేడు అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. రాజ్యం ఇచ్చిన బదులు అది. అయినా నాటి సభలకు జనం మళ్లీ మళ్లీ రావడానికి కారణం పాట ఒక్కటే కాదు. అడిగింది ఊరి నడుమ తేలేది. భూమి వచ్చిందా లేదా, దండుగ సొమ్ము తిరిగిచ్చారా లేదా అన్నది అందరి ఎదుటా తెలిసిపోయేది. ఇప్పుడు కళారూపాలను ప్రభుత్వ కార్యక్రమాల్లోకి తెచ్చేవాళ్లు పాటను తీసుకుంటున్నారు, ఆ తేల్చే పద్ధతిని వదిలేస్తున్నారు.

ఇదే సంగతి పదిహేనేళ్ల తర్వాత నెల్లూరు జిల్లాలో ఇంకా స్పష్టంగా కనబడింది. అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా అక్కడ కళాజాతాలు తిరిగాయి, రాత్రి బడుల్లో ఆడవాళ్లు వాచకాలు చదివారు. ఆ పాఠాల్లో తమ బతుకే కనిపించింది, సారా కనిపించింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ కబురు పక్క ఊళ్లకు పాకింది. ఈనాడు 1989 నుంచి తెచ్చిన జిల్లా అనుబంధాల వల్ల ఏ ఊళ్లో ఏమైందో తెల్లారేసరికి మండలమంతా తెలిసింది. వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాచకం, పాట, పత్రిక మూడూ ఇక్కడ పనిచేశాయి. అవి పనిచేయడానికి మూలం మాత్రం ఎదురుగా ఒక దుకాణం ఉండటం, దాన్ని మూయగలమా లేదా అన్నది వారంలోపే తేలిపోవడం. పక్క ఊరి దుకాణం మూతపడిందన్న వార్తే తర్వాతి ఊరికి పిలుపు అయింది. సారా కాంట్రాక్టరుకూ జిల్లా యంత్రాంగానికీ ఉన్న సంబంధం చిన్నది కాదు కాబట్టి ఆ ఆడవాళ్ల తెగువను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. మాధ్యమం ఆ తెగువ ఫలితాన్ని కబురుగా మోసింది, అందుకే అది ఉద్యమమైంది అంటున్నాను.

ప్రభుత్వమే రెండో చాటింపును ఒక వ్యవస్థగా కట్టడానికి ప్రయత్నించిన సందర్భం తెలుగునాట ఒక్కటే ఉంది, అది ఉపాధి హామీ సామాజిక తనిఖీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. తొలి విడత జిల్లాల్లో కరీంనగర్ కూడా ఉంది, అంటే నేటి జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లన్నీ మొదటి నుంచీ అందులో ఉన్నాయి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నడిపిన బహిరంగ విచారణల స్ఫూర్తితో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని మరో మెట్టు ఎక్కించింది. 2009లో సామాజిక తనిఖీకి వేరే సంస్థను ఏర్పాటు చేసింది. మస్టర్ల లెక్కలు కంప్యూటర్లో ఉండేవి. వాటిని అచ్చు తీసి, కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే తర్ఫీదు ఇచ్చి ఇంటింటికీ పంపారు. నీ పేరు మీద ఇన్ని రోజులు పని, ఇంత కూలి పడినట్టు ఉంది, నిజమేనా అని అడిగించారు. ఆ తర్వాత ఊళ్లో సభ, ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. అక్కడ ఫీల్డ్ అసిస్టెంటు, ఇంజనీరు, కార్యదర్శి జనం ఎదుట నిలబడి బదులు చెప్పాలి, అధికారి అక్కడికక్కడే నిర్ణయం ప్రకటించాలి. డిజిటల్ లెక్క, గోడమీద రాత, చాటింపు, నోటితో చదవడం, ఎదురెదురుగా నిలదీయడం అన్నీ ఒకే తాడులో పేనుకుపోయిన పద్ధతి ఇది. కంప్యూటరు లేకపోతే లెక్క బయటికి వచ్చేది కాదు. నోటితో చదివేవాళ్లు లేకపోతే ఆ లెక్క తప్పని తెలిసేది కాదు.

ఈ తనిఖీలు ఎంత సాధించాయన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. తొలి నాలుగైదేళ్ల తనిఖీ నివేదికలను ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఇవర్సన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. అక్రమాలు బాగానే బయటపడ్డాయి, అయినా తనిఖీలు జరిగే కొద్దీ అవి తగ్గలేదని తేల్చారు. సులువుగా పట్టుబడే దొంగతనాల బదులు పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల్లో తేడాలు పెరిగాయి. తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్దిభాగమే, శిక్షలూ అంతంతమాత్రమే. సామాజిక తనిఖీని కొట్టిపారేసేవాళ్లు ఈ ఫలితాన్నే ఎత్తిచూపుతారు. నాకు మాత్రం దీంట్లో నా వాదనకు బలమే కనిపిస్తోంది. మండల వేదిక మీద రికవరీ అని ప్రకటించారు, ఆ ప్రకటన ఊళ్లో మళ్లీ వినిపించలేదు. ఎంత వసూలైంది, ఎవరిని తీసేశారు, ఎవరు మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు అన్నది తర్వాతి తనిఖీ సభలో మొదటి అంశంగా చదివి ఉంటే జనం ఏం చేసేవాళ్లో మనకు తెలియదు. చదవకపోతే ఏమవుతుందో తెలిసింది. రెండో చాటింపు మండలం దాకా వచ్చి ఆగిపోయింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం సాంప్రదాయిక మాధ్యమం శక్తిని మళ్లీ చూపించింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరా తిరిగింది, ఒగ్గు డోలూ డప్పూ గజ్జె కట్టిన పాటా రాజకీయాన్నే మార్చాయి. రాష్ట్రం వచ్చాక అదే పాటను తెలంగాణ సాంస్కృతిక సారథి పేరుతో ప్రభుత్వ సంస్థ చేశారు, 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. ఏళ్లకేళ్లు రోడ్ల మీద పాడినవాళ్లకు నెల జీతం దొరకడం మంచిదే. కానీ పాట దిశ తిరిగింది. ఊరి మాటను పైకి మోసిన గొంతు ఇప్పుడు పథకాల పేర్లను కిందికి మోస్తోంది. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారాయి, దిశ మారలేదు. సారథి బృందం ఒక ఊరికి వచ్చినప్పుడు ఆ ఊరి పంచాయతీ లెక్కను, గత సభ తీర్మానాల గతిని ఒక పల్లె సుద్దుగా కట్టి చెప్తే ఎలా ఉంటుందో ఎవరూ ప్రయత్నించలేదు. ఆ కళాకారులకు ఆ పని చేతకాకపోవడం వల్ల కాదు, వాళ్లను ఆ పని అడగకపోవడం వల్ల. రేడియోకూ ఇలాంటి సంకెలే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది, విత్తనాలూ పండుగలూ ఆరోగ్యమూ వాళ్ల మాటల్లోనే ప్రసారమవుతాయి. అయితే కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదని నిబంధన. తమ పంచాయతీ నీళ్ల ట్యాంకు ఎందుకు ఆగిందో ఆ ఊరి రేడియోనే అడిగి చెప్పడానికి భయపడాల్సిన పరిస్థితి ఉంటే, ఇంత దగ్గరి మాధ్యమం ఉండీ స్థానిక పాలనకు పూర్తిగా ఉపయోగపడదు.

డిజిటల్ వైపు చూస్తే ధరణి కన్నా పెద్ద పాఠం మరొకటి లేదు. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేశారు, అక్టోబరు 29న ధరణి పోర్టల్ తెచ్చారు. లంచాలు పోతాయి, అధికారి ముఖం చూడకుండా పని అయిపోతుంది అన్నారు. అమ్మకం, కొనుగోలు సాఫీగా జరిగే భూములకు అది నిజంగానే పనికొచ్చింది, దాన్ని కాదనడం సరికాదు. కానీ నిషేధిత జాబితాలో పొరపాటున ఎక్కిన సర్వే నంబరుకు, పేరులో ఒక అక్షరం తప్పుపడ్డ రైతుకు, సాగుచేస్తూ కాగితంలో లేనివాడికి ఎవరి దగ్గరికి పోవాలో తెలియలేదు. మీసేవలో దరఖాస్తు పెట్టడం, ‘తిరస్కరించబడినది’ అన్న ఒక్క మాట రావడం, మళ్లీ రుసుము కట్టడం. ఎందుకు తిరస్కరించారో చెప్పేవాళ్లు లేరు. ఊళ్లో పహాణీ చదివి వినిపించి అభ్యంతరాలు అడిగే జమాబందీ సంప్రదాయం మన రెవెన్యూలో పాతదే, దాని లోపాలు దానికున్నాయి, కానీ నలుగురి ముందూ ఆ పొలం ఎవరిదో చెప్పే సాక్షి అందులో ఉండేవాడు. తెర మీద ఆ సాక్షికి చోటు లేదు. చివరికి 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టాన్ని అమల్లోకి తెచ్చి, జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు, దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. ఆ సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులనూ నియమించారు. రాష్ట్రమంతా ఒక పోర్టల్‌కు ఎక్కించిన పనిని అయిదేళ్ల తర్వాత చెట్టుకింద టేబులు వేసుకుని మళ్లీ అడగాల్సి వచ్చిందంటే తప్పు కంప్యూటరుది కాదు. అది కింది నుంచి పైకి దరఖాస్తు మోసింది, పై నుంచి కిందికి కారణం మోయలేదు.

ఇదే రాష్ట్రంలో డిజిటల్ సాధనం ఎంత తేలికగా పనిచేయగలదో చూపిన ప్రయోగం కూడా ఉంది. 2018 వానాకాలంలో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు ప్రభుత్వంతో కలిసి చిన్న ఏర్పాటు చేశారు. కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు: మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా, ఎప్పుడు అందింది, ఎలా ఇచ్చారు అని అడుగుతాం, ఆ జవాబులతో మీ పనిని కొలుస్తాం అని. ఇలాంటి అడుగుడు లేనిచోట నూటికి 17 మంది రైతులకు చెక్కు చేరలేదు. ఫోన్ వస్తుందని చెప్పినచోట అందనివాళ్ల సంఖ్య 7.8 శాతం తగ్గింది. ఖర్చు అతి స్వల్పం. మామూలు ఫోను, మామూలు మాట, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. రైతు ఏమీ కొత్తగా నేర్చుకోలేదు, ఏ యాప్‌నూ దించుకోలేదు. మారింది అధికారి మనసులో ఒక్క సంగతి, తన గురించి అడుగుతారని, ఆ జవాబు పైవాళ్లు వింటారని. ప్రపంచంలో పౌరుల గొంతు వినడానికి పెట్టిన 23 డిజిటల్ వేదికలను పరిశీలించి 2016లో తియాగో పెయిషోటో, జొనాథన్ ఫాక్స్ రాసిన సమీక్షలోనూ ఇలాంటి సంగతే ఉంది. ఎంతమంది ఫిర్యాదు చేశారన్న దాన్నిబట్టి ప్రభుత్వం కదలదు, వినే వైపు సిద్ధంగా ఉంటేనే కదులుతుంది. ఇక 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన వాట్సాప్ పాలన ‘మన మిత్ర’ 161 సేవలతో మొదలైంది. బిల్లు కట్టడానికి, ధ్రువపత్రం తీసుకోవడానికి అది సౌకర్యమే. అయితే సేవ అందుకోవడం వేరు, పాలనలో పాల్గొనడం వేరు. మొదటిది ఒక్కడు తన కోసం అడిగేది, రెండోది ఊరు తన కోసం తేల్చుకునేది. ఈ రెంటినీ కలిపేసి లెక్క చెప్పడం వల్ల, అర్జీల సంఖ్యనే భాగస్వామ్యంగా చూపే అలవాటు వచ్చింది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు తెలంగాణలో జరిగిన ప్రజాపాలన కార్యక్రమంలో కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. అది ఆశకు కొలత అవుతుంది. పాల్గొన్నదానికి కొలత కాదు.

ఇక్కడే చాలామంది ఒక అభ్యంతరం చెప్తారు. జనానికి పథకం మీద తప్ప పాలన మీద ఆసక్తి లేదు, ఇళ్ల పట్టా ఉందంటే వస్తారు, బడ్జెట్ అంటే రారు అని. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ రావడం, రాకపోవడం గురించి మనకున్న మంచి సాక్ష్యం దీనికి ఎదురుగా ఉంది. దక్షిణాదిలో నాలుగు రాష్ట్రాల ఊళ్లను పరిశీలించి 2005లో టిమ్ బెస్లీ, రోహిణీ పాండే, విజయేంద్ర రావు ప్రచురించిన పరిశోధనలో గ్రామసభలకు వచ్చేది ఎక్కువగా భూమి లేనివాళ్లు, దళితులు, ఆదివాసులు అని తేలింది. సభ జరిగిన ఊళ్లలో పేదలకు బీపీఎల్ కార్డులు చేరడమూ మెరుగ్గా ఉంది. అంటే అక్కర ఉన్నవాడే వస్తున్నాడు. అక్కర ఉండటం తప్పెలా అవుతుంది? 2025 జనవరి 21 నుంచి 24 వరకు రైతు భరోసా, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, ఆత్మీయ భరోసా జాబితాలు చదవడానికి తెలంగాణ అంతటా సభలు పెట్టారు. చాలాచోట్ల జనం లేచి నిలదీశారు, గొడవలయ్యాయి, టీవీలు దాన్ని రసాభాస అన్నాయి. నేను దాన్ని మరోలా చదువుతాను. పేరు చదివితే, అంటే బదులు చదివితే, ఊరు మొత్తం వచ్చి కూర్చుంది. నా పేరెందుకు లేదు అని అడగడం పాలనలో పాల్గొనడమే. ఆ ప్రశ్నకు అదే సభలో కారణం చెప్పే కాగితం అధికారి చేతిలో లేకపోవడమే అసలు కొరత. ఇక జనానికి అక్కర తప్ప పట్టింపు లేదనే మాటకు ఇదే ప్రాంతం 2019లో సమాధానం చెప్పింది. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర అడిగి అడిగి విసిగిన రైతులు 178 మంది నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి నామినేషన్లు వేశారు, మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఆ స్థానం కిందే జగిత్యాల, కోరుట్ల కూడా ఉన్నాయి. ఏ మీటింగులోనూ వినిపించని మాటను ఓటు యంత్రం మీదకే ఎక్కించారు. బోర్డు 2025 జనవరిలో వచ్చింది.

వాట్సాప్ వదంతుల మాటేమిటి అనేది ఇంకో అభ్యంతరం. ఊరి గ్రూపులు పార్టీల గ్రూపులయ్యాయి, కులం గ్రూపులయ్యాయి, 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లొచ్చారన్న వీడియోలతో అమాయకులను కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. అదే యేడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊరికొకరుగా దత్తత ఇచ్చి, డప్పులతో పాటగాళ్లతో వందల ఊళ్లలో వదంతుల మీద పాటలు పాడించారు. ఆ జిల్లాలో అలాంటి చావు జరగలేదు. ఫోనులో వచ్చిన అబద్ధానికి కూడలిలో నిజం వినబడితేనే విరుగుడు. ఇందులో గమనించాల్సింది పాటొక్కటే కాదు, ఆ ఊరి పోలీసు ఎవరో పేరుతో జనానికి తెలిసి ఉండటం. వదంతి బతికేది అడిగితే చెప్పేవాడు లేనిచోట. పంచాయతీ సంగతులు గ్రూపులో తప్పుగా తిరుగుతున్నాయంటే, సరైన సంగతి ఎప్పుడు ఎవరు చెప్తారో జనానికి తెలియకపోవడం వల్లనే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని నేను తేలికగా దాటవేయలేను. పంచాయతీ చేతిలో డబ్బు లేదు, అధికారం లేదు, అది ఏం బదులు చెప్తుంది? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినా, పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ఎన్ని నిజంగా ఊరి చేతికి వచ్చాయో అందరికీ తెలిసిందే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంది, ఓటర్ల సంఖ్యనుబట్టి కోరం పెట్టింది. అయితే 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా దాదాపు రెండేళ్లు తెలంగాణ ఊళ్లకు ఎన్నికైన సర్పంచే లేడు, ప్రత్యేకాధికారులే నడిపారు. చేసిన పనులకు బిల్లులు రాక మాజీ సర్పంచులు రోడ్డెక్కారు. ముత్యంపేట ఫ్యాక్టరీ తెరవాలని ఆ ఊరి పంచాయతీ వంద తీర్మానాలు చేసినా అది తేలేది హైదరాబాదులోనే. నిజమే. అయినా కాదు అన్నదీ బదులే, కారణం చెప్పి కాదంటే. ఈ పని మన చేతిలో లేదు, ఫలానా తేదీన కలెక్టరుకు రాశాం, జవాబు రాలేదు, మళ్లీ రాశాం అని ప్రతి సభలోనూ చదివితే ఊరికి ఒక సంగతి తెలుస్తుంది, ఎక్కడ ఆగిందో. అప్పుడు జనం కోపం సర్పంచు మీద కాకుండా ఆగినచోటి మీదకు పోతుంది. అధికారం లేని పంచాయతీకి కనీసం అధికారం ఎక్కడుందో చూపించే పని ఉంది. దీనికి నిధులు అక్కర్లేదు. దీన్ని చేయనివ్వకపోవడంలో పైవాళ్లకు సుఖం ఉంది, అందుకే ఇది జరగదు అంటే నేను వాదించలేను. జరగాలని మాత్రం అంటాను.

చాటింపు ఎవరికి వినపడుతుందన్నది మిగిలిన ప్రశ్న, ఈ ప్రాంతానికి అదే అన్నిటికన్నా సొంత ప్రశ్న. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఊళ్లలో ఇంటింటా గల్ఫ్‌కు పోయిన మగవాళ్లున్నారు, ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. సిరిసిల్లలో మరమగ్గాల షిఫ్టు పగలూ రాత్రీ ఉంటుంది. సభ పనిదినం పదకొండు గంటలకు పెడితే వీళ్లలో ఎవరూ రాలేరు. దుబాయిలో ఉన్నవాడు ఊరి గ్రూపులో ఉంటాడు, బోరు ఫొటో చూస్తాడు, డబ్బూ పంపుతాడు, అతనికి డిజిటల్ మాధ్యమమే సభ. బీడీలు చుట్టే అక్కకు చేతులు ఖాళీ లేవు, చెవులు ఖాళీగా ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు నాలుగో వంతు మాత్రమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, కానీ రాత చదివి తిరిగి రాసే తీరిక పెరగలేదు. ఆమెకు కావలసింది రెండు నిమిషాల మాట, ఆ ఊరి యాసలో, వినగలిగే ఆడియో: కిందటి సభలో మీ వాడకట్టు అడిగినవి నాలుగు, రెండు అయ్యాయి, ఒకటి ఫలానా నెలలో, ఒకటి కాదు, ఎందుకంటే ఇందుకు. ఇది మహిళా సంఘం సమావేశంలోనూ చదవొచ్చు, ట్రాక్టరు మైకులోనూ వేయొచ్చు, గుడి మైకులోనూ, వాట్సాప్‌లోనూ పంపొచ్చు. చదవడానికి లంబాడిపల్లి యాస ఎంత దగ్గరగా వినిపిస్తుందో లోకమంతా చూసింది. ఇక డప్పే కావాలంటే, వేసే మనిషికి పంచాయతీ పనివాడిగా జీతం ఇచ్చి, చదివే కాగితం మీద అతని సంతకమూ పెట్టించాలి. దాన్ని మళ్లీ వెట్టి చేయకూడదు.

బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రే నగరం 1989లో ప్రజా బడ్జెట్ మొదలుపెట్టినప్పుడు ఏటా వాడల సభలు కొత్త కోరికలతో మొదలయ్యేవి కావు. మొదటి విడత సభలో నగరపాలకులు నిలబడి నిరుటి నిర్ణయాల్లో ఏది జరిగింది, ఏది జరగలేదు అని లెక్క చెప్పేవాళ్లు. కొత్త కోరికలు ఆ తర్వాతే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్ ఒకేరోజు 13,326 పంచాయతీల్లో సభలు పెట్టి రికార్డు రాసుకుంది. ఆ సభల తీర్మానాలను ఏటా అదే తారీఖున అవే ఊళ్లలో చదివితే ఆ రికార్డుకు అర్థం ఉంటుంది. తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో ఎన్నికైన సర్పంచుల ముందు ఇప్పుడు రెండు నెలలకోసారి వచ్చే సభలున్నాయి, ఏడాదికి ఆరు. చట్టం ప్రకారం లెక్కలూ ఆడిట్ నివేదికా సభ ముందు పెట్టాల్సిందే. అదే ఎజెండాలో మొదటి వరుసలో ఇంకో అంశం చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక పంచాయతీ తీర్మానం చాలు: గత సభలో అడిగినవి, వాటి గతి. రెండు ముత్యంపేటల్లోనూ అది చదివే రోజు కార్యదర్శి రిజిస్టరు మొదటి పేజీలో ఏముందో, ఎంతకాలంగా అలాగే ఉందో ఊరంతా ఒకేసారి వింటుంది.